జిడ్డు కృష్ణమూర్తి

మదనపల్లె పట్టణమున 1895వ సంవత్సరము మే మాసమున జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానముగా ఒక బాలుడు జన్మించెను. దేవకీదేవి అష్టమ గర్భమున పుట్టిన శ్రీకృష్ణుని తలచుకొని ఆ దంపతులు బిడ్డకు కృష్ణమూర్తి యని పేరిడిరి. నారాయణయ్య రెవిన్యూ శాఖలో ఉద్యోగి.

కృష్ణమూర్తిని బాల్యమున మలేరియా జ్వరము తరచు పీడించెను. పదవ యేట తల్లి గతించెను. పాఠములు వల్లించుట అతనికి అలవడలేదు. చెట్లను, పురుగులను, మేఘములను చూచుచు మైమరచియుండెడివాడు. ఉపాధ్యాయులు మందమతియని యెంచి బెత్తముతో కొట్టిరి; తరగతి వెలుపల నిలిపిరి. తమ్ముడు నిత్యానందుడు చేయి పట్టుకొని ఇంటికి తోడ్కొని వచ్చెడివాడు.

1909లో ఆ కుటుంబము మద్రాసు చెంతనున్న అడయారు చేరెను. అచ్చటి దివ్యజ్ఞాన సమాజ పెద్దలు ఆ బాలుడు జగద్గురువు కాగలడని విశ్వసించిరి. అనీబిసెంటు అతనిని పెంచి, విద్యకై ఇంగ్లండునకు పంపెను. లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో కృష్ణమూర్తి పలుమారులు తప్పెను. అయినను 1911లో అతనిని అధ్యక్షునిగా నిలిపి స్థాపించిన నక్షత్ర సంఘము దేశదేశముల వ్యాపించెను. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్ నగరమున, మూడువేలకు మించిన అనుయాయుల యెదుట, ఆయన ఆ సంఘమును రద్దుచేసెను. సత్యమును ఎవరికి వారే కనుగొనవలెనని బోధించి, కానుకగా వచ్చిన కోటను, భూములను దాతలకు తిరిగి యిచ్చివేసెను.

అన్నిటిని విడిచిన ఆ మహనీయుడు పాఠశాలలను మాత్రము విడువలేదు. మదనపల్లె సమీపమున, తెట్టు గ్రామము చేరువ, బండరాళ్ల కొండల నడుమ ఒక పెద్ద మఱ్ఱిచెట్టు గల లోయను విద్యాలయమునకు ఎన్నుకొనెను. 1918లో అనీబిసెంటు మద్రాసు గిండీలో స్థాపించిన పాఠశాల 1931లో అచ్చటికి తరలివచ్చెను. అదియే రిషివ్యాలీ. భయమున్నచోట బుద్ధి వికసింపదనియు, ఒకరితో నొకరిని పోల్చుట పిల్లల మనస్సును గాయపరచుననియు ఆయన ఉపాధ్యాయులకు నచ్చజెప్పెడివాడు. సాయంసమయమున విద్యార్థులు కొండపై మౌనముగా కూర్చుండి సూర్యాస్తమయమును తిలకించుట అచ్చటి సంప్రదాయ మయ్యెను. మేఘములను చూచినందులకు ఇక నెవరును దండించువారు లేరు!

ఇంగ్లండులోను, అమెరికాలోను ఆయన ఆశయములతో పాఠశాలలు వెలసినవి. 1986 ఫిబ్రవరి 17వ తేదీన కాలిఫోర్నియాలోని ఓహాయిలో కృష్ణమూర్తి తొంబదవ యేట దివంగతుడయ్యెను.

బాలబాలికలారా! మీ తరగతిలో పాఠము త్వరగా రాని సహాధ్యాయి యుండవచ్చును. వానిని చూచి నవ్వకుడు. నిత్యానందునివలె చేయి యందింపుడు.