మూడు మ్యాచ్‌ల మనిషికి రజతోత్సవ అభినందన

2024 మే 8తో ఒక గోల్‌కు పాతికేళ్లు నిండాయి. కొట్టినవాడు ఫార్వర్డ్ కాదు, గోల్‌కీపర్. కార్లైల్ యునైటెడ్ క్లబ్బుకు అతను ఆడినవి మొత్తం మూడే మ్యాచ్‌లు. అయినా ఇంగ్లండ్ ఉత్తరపు కొసన, స్కాట్లాండ్ సరిహద్దు దగ్గరున్న కార్లైల్ పట్టణంలో జిమ్మీ గ్లాస్ పేరు ఎత్తితే చాలు, ఆనాడు స్టేడియంలో ఉన్నవాళ్లే కాదు, అప్పటికింకా పుట్టనివాళ్లు కూడా కళ్లారా చూసినట్టే కథ చెబుతారు.

వందల మ్యాచ్‌లాడిన కెప్టెన్లకు సన్మానాలు జరుగుతూనే ఉంటాయి, జరగాలి కూడా. కానీ ఇంగ్లండ్ కింది డివిజన్ల క్లబ్బులు ఇన్నేళ్లు బతికి బట్టకట్టాయంటే అందులో ఇలా వచ్చి అలా వెళ్లినవాళ్ల చెమట చాలా ఉంది. నెలరోజుల ఒప్పందం మీద వచ్చినవాళ్లు, పెద్ద క్లబ్బు అరువిచ్చిన కుర్రాళ్లు, ఎవరో గాయపడితే ఆ చోట నాలుగు ఆటలాడి బ్యాగు సర్దుకున్నవాళ్లు. రికార్డు పుస్తకంలో వాళ్లకు దక్కేది ఒక్క వరుస. వాళ్లందరి తరఫునా ఒక్కరికి దండ వేయాల్సి వస్తే, నా దృష్టిలో ఆ దండ గ్లాస్ మెడలోనే పడాలి.

కార్లైల్ యునైటెడ్ 1904లో పుట్టింది, 1928లో ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టింది. 1974లో ఫస్ట్ డివిజన్‌కు ఎక్కి, తొలి మూడు మ్యాచ్‌లూ గెలిచి, కొన్నాళ్లపాటు దేశంలోని క్లబ్బులన్నింటికీ పైన కూర్చుంది. ఆ భోగం ఒక్క సీజన్‌తోనే తీరింది. 1999 వసంతానికి అదే క్లబ్బు 92 జట్ల లీగ్‌లో అట్టడుగుకు చేరింది. ఆ రోజుల్లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు ఫుట్‌బాల్ లీగ్ నుంచే బయటికి, దాని కింది అంచె అయిన కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోవాలి. మళ్లీ రావాలంటే కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానం రావాల్సిందే, రెండో స్థానానికి ఏమీ లేదు. బయటికి వెళ్లిన క్లబ్బుకు లీగ్ పంచే డబ్బు ఆగిపోతుంది, మంచి ఆటగాళ్లు దారి చూసుకుంటారు. కార్లైల్ లాంటి ఊరికి చుట్టుపక్కల మైళ్ల దూరం వరకు ఇంకో లీగ్ క్లబ్బు లేదు. అది పోతే శనివారం మధ్యాహ్నాలకు అర్థమే పోతుంది.

అలాంటి సమయంలో క్లబ్బులో గోల్‌కీపర్ లేకుండా పోయాడు. టోనీ కేగ్ ఏళ్ల తరబడి అక్కడ గోల్ కాచినవాడు. 1997లో వెంబ్లీలో ఆటో విండ్‌స్క్రీన్స్ షీల్డ్ ఫైనల్లో పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చిపెట్టినవాడు కూడా అతనే. అతన్ని బ్లాక్‌పూల్‌కు అమ్మేశారు. అరువు మీద తెచ్చుకున్న మరో కీపర్‌ను సొంత క్లబ్బు వెనక్కి పిలిపించుకుంది. ఆటగాళ్లను మార్చుకునే గడువు అప్పటికే దాటిపోయింది. గోల్‌కీపర్ లేని జట్టు కాబట్టి లీగ్ ప్రత్యేక అనుమతి ఇచ్చింది. స్విండన్ టౌన్‌లో చోటు దొరకక కూర్చున్న జిమ్మీ గ్లాస్ అలా వచ్చాడు. ఊరు కొత్త, మనుషులు కొత్త. చిత్రమేమిటంటే, కేగ్ కప్పు తెచ్చిన ఏడాది తర్వాత, 1998లో, అదే కప్పు ఫైనల్లో బోర్న్‌మత్ తరఫున ఆడుతూ గ్లాస్ బంతిని తన గోల్‌లోనే వేసుకున్నాడు. ఆ మ్యాచ్ గ్రిమ్స్‌బీ గెలిచింది. వెంబ్లీలో వేల మంది ముందు అలాంటిది జరిగాక పెనాల్టీ బాక్సంటేనే భయం పుట్టే కీపర్లుంటారు. గ్లాస్‌కు అది పుట్టలేదు. తన బాక్సే కాదు, ఎదుటివాడి బాక్సంటే కూడా.

1999 మే 8, శనివారం. బ్రంటన్ పార్క్‌లో ప్లిమత్ ఆర్గైల్‌తో సీజన్ ఆఖరి మ్యాచ్. అక్కడికి దూరంగా, తూర్పు తీరంలో, స్కార్‌బరో జట్టు పీటర్‌బరోతో ఆడుతోంది. కార్లైల్, స్కార్‌బరోలలో ఒకరు ఆ సాయంత్రానికి లీగ్‌లో ఉండరు. రెండో సగం మొదలవగానే ప్లిమత్ గోల్ కొట్టింది. తర్వాత డేవిడ్ బ్రైట్‌వెల్ అనే డిఫెండర్ దూరం నుంచి బాదిన బంతి నేరుగా వలలో పడి స్కోరు సమమైంది. సమమైతే చాలదు, గెలవాలి. తొంభై నిమిషాలు అయిపోయాయి. స్కార్‌బరో మ్యాచ్ 1-1తో ముగిసింది, అక్కడి జనం మైదానంలోకి దూకి సంబరాలు మొదలుపెట్టారు. కార్లైల్‌లో ఇంకా నాలుగు నిమిషాల ఇంజురీ టైమ్ నడుస్తోంది, అది కూడా సెకన్లలోకి దిగింది.

కార్నర్ దొరికింది. గ్లాస్ బెంచీ వైపు చూశాడు. మేనేజర్ నైజెల్ పియర్సన్ వెళ్లమని చెయ్యి ఊపాడు. ఎర్ర జెర్సీ వేసుకున్న ఆ పొడగరి మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాడు. వెనక గోల్ ఖాళీగా ఉంది. గ్రాహం ఆంథనీ కార్నర్ వేశాడు. స్కాట్ డోబీ తలతో కొట్టాడు. ప్లిమత్ కీపర్ జేమ్స్ డంజీ చక్కగా ఆపాడు, నిజంగా మంచి సేవ్ అది. బంతి చేతికి చిక్కక ముందుకు పడింది. అది పడిన చోటికి అందరికన్నా ముందు చేరింది గ్లాస్. కీపర్ కాబట్టి చేతులు ముందుకు రావడం అలవాటు, అయినా ఆ క్షణాన అతని కుడి కాలే కదిలింది. నేలను తాకి లేస్తున్న బంతిని శుభ్రంగా, అనుభవమున్న స్ట్రైకర్‌లా తన్నాడు. వల ఊగింది.

ఆ వీడియో ఇప్పుడు చూసినా నా కళ్లు ఆగేది గోల్ మీద కాదు, దాని తర్వాతి రెండు క్షణాల మీద. గ్లాస్ చేతులు చాచి పరుగు తీయబోయాడు. అంతలో జట్టు మీద పడింది. జట్టు మీద జనం పడ్డారు. ఎర్ర చొక్కా కనిపించకుండా పోయింది. రేడియో కంబ్రియాలో డెరెక్ లేసీ గొంతు చించుకుని అతని పేరు అరిచాడు. ఆ అరుపు ఈనాటికీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అభిమానులకు చెవుల్లో ఉంది. జనాన్ని పక్కకు తప్పించి ఆట మొదలుపెట్టారో లేదో విజిల్ మోగింది. కార్లైల్‌కు 49 పాయింట్లు, స్కార్‌బరోకు 48. డెబ్బయ్యొక్క ఏళ్ల లీగ్ జీవితం నిలిచింది.

పండగ రోజున ఓడినవాళ్ల పేరు తీయకపోతే ఈ అభినందనకు నిండుదనం రాదు. కాన్ఫరెన్స్ నుంచి నేరుగా లీగ్‌లోకి ప్రమోషన్ సాధించిన మొట్టమొదటి క్లబ్బు స్కార్‌బరో, 1987లో. పన్నెండేళ్ల తర్వాత, తమ మైదానంలోనే సంబరంలో ఉండగా, రేడియోలో ఆ వార్త విన్నారు. లీగ్‌కు మళ్లీ రాలేకపోయారు. 2007లో అప్పుల్లో కూరుకుని క్లబ్బే మూతపడింది. అభిమానులే ముందుకొచ్చి స్కార్‌బరో అథ్లెటిక్‌ను నిలబెట్టుకున్నారు. 2004లో కార్లైల్ కూడా లీగ్ నుంచి జారింది కదా, మరి ఆ గోల్ వల్ల ఒరిగిందేమిటి అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు ఇదే. 2004 నాటికి కాన్ఫరెన్స్ నుంచి రెండు జట్లు పైకి వచ్చే ఏర్పాటు జరిగింది, రెండో జట్టును ప్లే ఆఫ్ తేల్చేది. కార్లైల్ ఆ తలుపు గుండానే మరుసటి ఏడాది తిరిగి వచ్చింది. 1999లో ఆ తలుపు లేదు. గ్లాస్ కొట్టిన గోల్ ఆ ఊరికి ఐదేళ్ల గడువు సంపాదించి పెట్టింది. ఆ ఐదేళ్లు ఎంత విలువైనవో స్కార్‌బరో వాళ్లను అడగాలి.

గోల్ కొట్టిన మనిషికి మాత్రం దానివల్ల పెద్ద కాంట్రాక్టు రాలేదు. కార్లైల్‌లో నిలవలేదు. ఇంకొన్ని క్లబ్బులు తిరిగాడు, 27 ఏళ్లకే లీగ్ ఫుట్‌బాల్ వదిలేశాడు. కంప్యూటర్ల అమ్మకం పని చేశాడు, టాక్సీ నడిపాడు. ఆ టాక్సీలో ఎక్కి దిగినవాళ్లలో ఎందరికి తెలుసో, తమను ఇంటికి చేర్చినవాడు ఒకనాడు ఒక ఊరినే ఒడ్డుకు చేర్చాడని! తర్వాత బోర్న్‌మత్ క్లబ్బు అతన్ని మళ్లీ పిలిచి, కొత్తగా వచ్చే ఆటగాళ్ల మంచిచెడ్డలు చూసే పని అప్పగించింది. కొత్త ఊళ్లో కొత్తవాడిగా దిగడం అంటే ఏమిటో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆ ఉద్యోగం సరైన మనిషిని వెతుక్కుంటూ వచ్చింది.

కార్లైల్ చరిత్రలో కొద్దికాలం ఆడినవాళ్ల వరుస చిన్నది కాదు, అందులో బిల్ షాంక్లీ కూడా ఉన్నాడు. తర్వాత లివర్‌పూల్‌ను మేటి జట్టుగా తీర్చిదిద్దిన షాంక్లీయే. స్కాట్లాండ్‌లోని గ్లెన్‌బక్ అనే బొగ్గుగనుల పల్లె నుంచి వచ్చి, 1932-33లో ఇక్కడ 16 మ్యాచ్‌లాడాడు. ప్రెస్టన్ 500 పౌండ్లిచ్చి తీసుకుపోయింది. 1949లో మేనేజర్‌గా తిరిగొచ్చి రెండేళ్లు పనిచేశాడు. పదహారు మ్యాచ్‌లకే ఆ బంధం తెగిపోలేదన్నమాట.

తక్కువ ఆటలతోనే గుర్తుండిపోయినవాళ్లలో మనవాడూ ఒకడున్నాడు. గ్లాస్ గోల్ కొట్టిన ఏడాదే, సెప్టెంబరు 30న, మన సిక్కిం కుర్రాడు బైచుంగ్ భూటియా లాంకషైర్‌లోని బరీ క్లబ్బుతో ఒప్పందం రాసుకున్నాడు. అదీ కింది డివిజన్ క్లబ్బే. భూటియా అక్కడున్నది మూడు సీజన్లు, లీగ్‌లో ఆడినవి 37 మ్యాచ్‌లు, కొట్టినవి మూడు గోల్స్. అంకెలు చూస్తే తక్కువ. కానీ భారతదేశంలో బరీ అనే పేరు వినబడిందంటే అతని వల్లనే. 2019లో లీగ్ బరీని బహిష్కరించినప్పుడు మన దేశంలోనూ కొందరు బాధపడ్డారంటే ఆ పుణ్యం ఆ 37 మ్యాచ్‌లదే.

గ్లాస్‌ను కార్లైల్‌కు తెచ్చినలాంటి అత్యవసర పద్ధతి ఇవాళ్టికీ లీగ్‌లో ఉంది. కీపర్లందరూ గాయపడితే ఏడు రోజుల అత్యవసర అరువు మీద ఇంకొకణ్ని తెచ్చుకోవచ్చు. ప్రతి శీతాకాలం ఎవరో ఒక కుర్రాడు గ్లవ్స్ సంచీ భుజాన వేసుకుని, తెలియని ఊళ్లో తెలియని డిఫెండర్ల వెనక నిలబడతాడు. గ్లాస్ గోల్ రజతోత్సవం వాళ్లందరికీ పండగే.

2023-24 సీజన్లో కార్లైల్ లీగ్ వన్ నుంచి లీగ్ టూకు దిగిపోయింది. 2023 మే నెలలో వెంబ్లీలో పెనాల్టీల మీద గెలిచి ఎక్కిన మెట్టది, బాధ ఉంటుంది. అయినా గోల్ రజతోత్సవం నాటికి, 2024లో, తన నూటఇరవయ్యో ఏడాదిలో, ఆ క్లబ్బు లీగ్‌లోనే ఉండింది.

గ్లాస్ గారూ, గోల్ కొట్టిన నాటికి మీ వయసు పాతికేళ్లు, 2024లో ఆ గోల్ వయసూ పాతికేళ్లే. మీకు, బంతి అందించిన ఆంథనీకి, తలతో కొట్టిన డోబీకి, స్కోరు సమం చేసి మీ గోల్‌కు దారి వేసిన బ్రైట్‌వెల్‌కు, చెయ్యి ఊపిన పియర్సన్‌కు రజతోత్సవ శుభాకాంక్షలు. స్కార్‌బరో అథ్లెటిక్‌ను మోస్తున్నవాళ్లకు లీగ్ దాకా సాగే బలం చేకూరాలి. మీరు స్వర్ణోత్సవం కూడా బ్రంటన్ పార్క్‌లోనే, ఆ గోల్‌పోస్టు వెనక స్టాండులో కూర్చుని, ఆయురారోగ్యాలతో జరుపుకోవాలని మనసారా కోరుకుంటున్నాను.