క్లోరోఫారము వైద్యుడు ఎడ్వర్డు లారీ దొర

మన యేలూరు కాలువలోనో, కొల్లేటి నీటిలోనో యెవడైన బాలుడు మునిగినప్పుడు, వానిని గట్టునకు చేర్చినవారు మొదట చేయు పని యేమి? ఒకరు చేయి పట్టి నాడి చూతురు. మరియొకరు ముక్కుకడ దూదిపింజ నుంచి యూపిరి యాడుచున్నదా లేదా యని చూతురు. ఈ రెంటిలో దేనిని ముందు చూడవలెనను ప్రశ్న మీకు చిన్నదిగా దోపవచ్చును. కాని 1889వ సంవత్సరమున నీ ప్రశ్నయే హైదరాబాదు నగరమునకును లండను నగరమునకును గొప్ప వాదము పెట్టినది. దానికై నిజాము ప్రభువు ధనము వెచ్చించెను. సముద్రము దాటి పండితుడు వచ్చెను. వందలకొలది మూగజీవములు ప్రాణములు గోలుపోయెను. దీనికంతకును మూలపురుషుడు ఎడ్వర్డు లారీ యను వైద్యుడు. పేరు వినినంతనే మీరు నవ్వుదురని యెరుగుదును. తాడేపల్లిగూడెము బాటమీద బియ్యపు బస్తాలు మోయు లారీకిని ఈ దొరగారికిని సంబంధమేమియు లేదు.

లారీ 1846వ సంవత్సరమున జన్మించెను. ఆ సంవత్సరముననే అమెరికా దేశమందలి బోస్టను పట్టణమున మోర్టను అను దంతవైద్యుడు ఈథరను ద్రవముయొక్క ఆవిరిని పీల్పించి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని లోకమునకు జూపెను. అంతకుముందు శస్త్రచికిత్స యన నెట్టిదో యూహింపుడు. రోగిని నలుగురు బలవంతులు పట్టుకొనవలెను. వైద్యుడు నిమిషములలో కోత ముగింపవలెను. మరుసటి యేడు నవంబరు నెలలో ఎడింబరోలోని సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి దెచ్చెను. అది ఈథరుకంటె త్వరగా మత్తు గలిగించును, కొంచెము చాలును, వాసనయు తీయనిది. అందరును సంతసించిరి.

ఆ సంతోషము మూడు నెలలైన నిలువలేదు. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిలు పట్టణసమీపమున హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము ఇచ్చిరి. కొద్ది నిమిషములలోనే యామె చనిపోయెను. గోరు తీయబోగా ప్రాణము పోయినది! అటుతరువాత నిట్టి మరణములు ఇంకను అక్కడక్కడ సంభవించుచు వచ్చెను. ఎందువలన? లండను వైద్యులలో ననేకులు, వారిలో ప్రసిద్ధుడైన జాన్ స్నో, గాఢమైన క్లోరోఫారపు ఆవిరి గుండెనే నేరుగా కుంటుపరచునని తలచిరి. కావున నాడిమీద కన్నుంచవలెనని లండను వారి మతము. ఎడింబరోలో జేమ్సు సైము అను గొప్ప శస్త్రవైద్యుని మార్గము వేరు. రోగికి గాలి ధారాళముగా నందనిండు, ఊపిరిని గమనింపుడు, నాడితో పనిలేదని ఆయన శిష్యులకు నేర్పెను. ఆ శిష్యులలో లారీ యొకడు. గురువు చెప్పినమాట ఆయన హృదయమున శిలాక్షరమై నిలిచినది. ఆయన కీర్తికిని, ఆయన పొరపాటునకును గూడ నదియే కారణమని నా యభిప్రాయము.

1872లో లారీ భారతదేశపు వైద్యోద్యోగమున జేరి, లాహోరు వైద్య విద్యాలయమున శస్త్రశాస్త్రము బోధించి, 1885లో హైదరాబాదునకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చెను. మూసీనది యొడ్డున నున్న అఫ్జల్‌గంజి ఆసుపత్రియు, హైదరాబాదు వైద్య పాఠశాలయు నాయన చేతిక్రిందికి వచ్చినవి. ఆయన కాలమున నా పాఠశాలలో స్త్రీలకును ప్రవేశము దొరకెను. వారిలో రూపాబాయి ఫర్దూన్జీ అను పారసీ యువతి యొకతె. ఆమెను గూర్చి తరువాత చెప్పెదను.

ఆసుపత్రిలో లారీ దొర సైము మార్గముననే క్లోరోఫారము ఇప్పించుచుండెను. గరాటువంటి టోపీ, అందులో కొంచెము దూది, దానిపై కొన్ని చుక్కలు. ప్రక్కన నిలిచిన శిష్యుడు రోగి రొమ్ము ఎగసిపడుటను మాత్రమే చూడవలెను. వేలకొలది రోగులకు ఈ రీతిగా మత్తు నిచ్చితిననియు, ఒక్కడైనను చావలేదనియు ఆయన చెప్పుకొనెడివాడు. నిజాము ప్రభుత్వ సహాయముతో 1888లో మొదటి క్లోరోఫారము కమిషను ఏర్పడెను. పాట్రిక్ హెహిర్ అను వైద్యుడు మొదలగువారు వందకుపైగా వీధికుక్కలపై పరీక్షలు చేసిరి. ప్రతిసారియు ముందు ఊపిరి నిలిచెను. గుండె యటుపిమ్మట నిలిచెను.

1889 జనవరిలో కన్నాటు ప్రభువుగారును వారి సతియు హైదరాబాదునకు విచ్చేసి వైద్య పాఠశాలలో బహుమతులు పంచిరి. ఆ సభలో లారీ ఈ ఫలితమును ప్రకటించెను. లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. కుక్కలపై జరిగిన కొన్ని పరీక్షలవలన ఇన్నాళ్ల యనుభవమును త్రోసివేయవచ్చునా యని యాక్షేపించెను. లారీ వెనుదీయలేదు. మీరే యొక పండితుని బంపుడు, మరల పరీక్షింతమని కబురంపెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ప్రభువు ఆ ప్రయాణపు ఖర్చులకై వేయి పౌనులు ఇచ్చెను. లాన్సెట్ వారు సర్ లాడర్ బ్రంటన్ అను వైద్యుని బంపిరి. గుండెనొప్పికి అమైల్ నైట్రైటు ఉపయోగమును 1867లోనే కనుగొన్న మేధావి యాయన. క్లోరోఫారమువలన గుండెకు అపాయమనియే నమ్మి వచ్చినవాడు.

1889 అక్టోబరు మొదలు డిసెంబరు వరకు రెండవ కమిషను పనిచేసినది. లారీ, బ్రంటన్, కలకత్తానుండి వచ్చిన బామ్‌ఫర్డు, హైదరాబాదు వైద్యుడైన రుస్తుంజీ హకీము అందు సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, గుఱ్ఱములు, పిల్లులు, కుందేళ్లు — పరీక్షలు దాదాపు 600. మసిపూసిన కాగితము చుట్టిన పీపా మెల్లగా తిరుగుచుండును. జంతువు రక్తనాళమునకు గొట్టము తగిలించి యుందురు. రక్తపు ఒత్తిడి హెచ్చుతగ్గులకు తగినట్లు ఒక సన్నని ముల్లు ఆ మసిలో గీత గీయును. గుండె కొట్టుకొనినంతసేపు గీత కెరటమువలె నుండును. నిలిచిన వెంటనే చదునగును. ఊపిరి నిలిచిన తరువాత గూడ ఆ గీతలో కెరటములు కొంతసేపు కనబడుచుండెను. ఆ వ్యవధిలో రొమ్మునొక్కి కృత్రిమముగా ఊపిరి నడపినచో జంతువు తరచుగా బ్రతికెను. బ్రంటన్ తన మతము మార్చుకొని లండనునకు తంతి యిచ్చెను. మరుసటి యేడు లాన్సెట్ పత్రికయే ఆ నివేదికను ప్రకటించినది. ఎదుటివాడు చూపిన గీతను జూచి, తన యిన్నేండ్ల నమ్మకమును విడిచిన ఈ బ్రంటన్‌యెడల నాకు మిక్కిలి గౌరవము గలదు. ఆ మూగజీవములను తలచుకొనినప్పుడు మాత్రము మనస్సు కలుక్కుమనును.

లారీ దొర గెలిచెనని మీరు తలచుచున్నారు కదా! కథ యింకను గలదు. హైదరాబాదు ఫలితము వెలువడిన పిదప గూడ మత్తుబల్లలపై మరణములు ఆగలేదు. 1893లో కేంబ్రిడ్జి పండితులగు గాస్కెల్, షోర్ అనువారు ఒక జంతువు రక్తమును మరియొక దానికి ప్రవహింపజేసి, క్లోరోఫారము గుండెపై నేరుగా గూడ పనిచేయునని చూపిరి. లారీ ఒప్పుకొనలేదు. ఊపిరిని చూచువాని చేతిలో క్లోరోఫారము ప్రమాదకరము కాదని వాదించుచునే యుండెను. 1901లో ఆ విషయముననే గ్రంథమును ప్రకటించి, ఆ యేడే హైదరాబాదు విడిచెను.

1911లో గుడ్మన్ లెవీ అను లండను వైద్యుడు చిక్కు విప్పెను. క్లోరోఫారము మిక్కుటమైనప్పుడు కాక, కొంచెముగా ఇచ్చినప్పుడే యొక మోసము గలదు. భయపడిన ప్రాణి శరీరములో అడ్రినలిన్ అను ద్రవ్యము ఊరి రక్తములో గలియును. కొద్దిపాటి మత్తులో నున్న పిల్లులకు లెవీ ఆ ద్రవ్యమును ఎక్కించి చూడగా, గుండె కొట్టుకొనుట మాని వణకసాగెను; రక్తము ముందుకు సాగదు; ప్రాణము క్షణములో పోవును. హానా గ్రీనరును తలచుకొనుడు. చిన్న శస్త్రము, కొద్ది మత్తు, చెప్పరాని భయము. హైదరాబాదులో జంతువులకు మత్తు లోతుగా నిచ్చుచు పోయిరి గనుక ముందు ఊపిరియే నిలిచినది. వారు చూచినది అబద్ధము కాదు. వారు చూడనిది లేదనుకొనుటయే పొరపాటు. వేలమంది రోగులను కాపాడిన చేతులు గలవానికి ఆ మాట యొప్పుకొనుట ఎంత కష్టమో పాఠము చెప్పుకొని బ్రదుకు మావంటివారికి తెలియును. తరగతిలో నొక లెక్క తప్పు చేసి, పిల్లవాడు చూపినప్పుడు మేమును ముఖము చిట్లించుకొందుము.

లారీ శిష్యురాలగు రూపాబాయి 1889లో హకీము పట్టమునొంది, క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరినది. 1909లో ఎడింబరోకు వెళ్లి, మత్తువైద్యమునకు ఉపకరించు భౌతిక రసాయన శాస్త్రములను గూడ అభ్యసించెను. లోకములో మొదటి స్త్రీ మత్తువైద్యురాలు ఆమెయేయని పలువురు చరిత్రకారులు తలంతురు. గురువువలె ఆమె ఊపిరిని జూచెను. గురువు ఆవలి పాఠమును వెదకుచు ఓడ యెక్కెను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పాత అఫ్జల్‌గంజి ఆసుపత్రిని ధ్వంసము చేసినది. అచ్చటి చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రదికిరని చెప్పుదురు. తరువాత ఆ చోట ఉస్మానియా ఆసుపత్రి వెలసెను. లారీ దొర 1915లో ఇంగ్లండున మరణించెను. లెవీ పరిశోధన వెలువడి యప్పటికి నాలుగేండ్లు కావచ్చెను.