మట్టి ఇంటి శిల్పి హసన్ ఫతహీ

ఎండల తీవ్రత ఎరిగిన దేశాలవారికి చల్లని గది ఎంతటి భాగ్యమో వేరుగా చెప్పనవసరం లేదు. పూర్వం ఆ భాగ్యాన్ని మందపు గోడ, ఎత్తైన పైకప్పు, ఇంటి నడుమ వాకిలి సమకూర్చేవి. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ బాధ్యతను యంత్రానికి అప్పగించడం పరిపాటి అయింది. సముద్రతీరాలలోను, ఎడారి అంచులలోను వందల గదులతో వెలసిన విహారవసతులు, అనగా రిసార్టులు, ఈ మార్పుకు ప్రబల నిదర్శనాలు. ఎండను లోపలికి రానిచ్చే అద్దాల గోడలు కట్టి, వచ్చిన వేడిని మరల విద్యుత్తుతో బయటికి తోడిపోయడం వాటిలో పలుచోట్ల కనిపిస్తుంది. గోడ చేయగల పనిని యంత్రం చేత చేయించనేల అని జీవితమంతా ప్రశ్నించిన వాస్తుశిల్పి ఈజిప్టు దేశీయుడైన హసన్ ఫతహీ. ఆయన జీవితంలోని జయాన్నీ అపజయాన్నీ కూడ మా తోటి విద్యార్థుల ముందుంచడం ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని.

హసన్ ఫతహీ 1900 సంవత్సరం మార్చి 23న అలెగ్జాండ్రియా నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించారు. తండ్రికి పల్లెలలో భూములుండేవి గాని, పల్లె అంటే ఆయనకు గిట్టేది కాదు. తల్లి మాత్రం తన బాల్యం గడచిన పల్లెను తలచుకొని పిల్లలకు ముచ్చటగా చెప్పేది. ఒకరి ఏవగింపు, ఒకరి మమకారం ఈ రెండింటి నడుమ పెరిగిన బాలునికి చూడని పల్లెపై తీరని కోరిక కలిగింది. వ్యవసాయ విద్య నేర్వాలని ఆయన ప్రయత్నించారు. కాని పొలం ముఖమెరుగని నగరవాసి కావడంచేత ప్రవేశ పరీక్షలో నెగ్గలేకపోయారు. అందుచేత వాస్తువిద్యలో చేరి 1926లో పట్టభద్రులయ్యారు. కుటుంబానికి చెందిన పొలాలను ఆయన తొలిసారి చూచినప్పుడు వయస్సు 27 ఏండ్లు. తల్లి చెప్పిన స్వర్గానికి బదులు అక్కడ కనిపించినవి రైతుల ఇరుకు గుడిసెలు, మురికి, వ్యాధులు. ఆ దృశ్యమే ఆయన జీవితానికి దారి చూపింది.

1930 నుండి ఆయన కైరోలోని లలితకళల కళాశాలలో అధ్యాపకులు. ఆనాటి కైరో నగరం పాశ్చాత్య వాస్తురీతులపై మోజుతో నిండి ఉండేది. ఆ నగర శివారైన హీలియోపొలిస్‌లో 1910లో తెరచిన బ్రహ్మాండమైన హోటలును నిర్మించిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ మన హైదరాబాదుకు కొత్తవాడు కాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కళాశాల భవనం ఆయన రూపకల్పనయే. జాస్పర్ వంటివారు రాతితో రాజసమైన కట్టడాలను లేపుతుండగా, ఫతహీ మనస్సు మట్టి వైపు మొగ్గింది. పచ్చి ఇటుకలతో కట్టదగిన పల్లె ఇండ్ల చిత్రాలను 1937లో ప్రదర్శించారు. సిమెంటునూ ఉక్కునూ కొనలేని రైతుకు తన కాలిక్రింది మట్టియే దిక్కనీ, అది అవమానకరమైన వస్తువు కాదనీ ఆయన నమ్మకం.

నమ్మకం ఒక్కటే ఇంటిని నిలబెట్టదు. మట్టితో గోడ లేస్తుంది, పైకప్పు సంగతేమి? అది ద్వితీయ ప్రపంచ యుద్ధకాలం. కలపకు, ఉక్కుకు కటకట ఏర్పడింది. 1941లో బహ్తీం అనే చోట వ్యవసాయ సంఘం వారి క్షేత్రంలో ఇండ్లు కట్టబూని, సెంట్రింగ్ చెక్కలు లేకుండ ఇటుక కమానులను నిలపడానికి ఫతహీ యత్నించారు. అవి కూలిపోయాయి. అప్పుడు అస్వాన్ ఆనకట్టపై పనిచేసే ఆయన సోదరుడు, దక్షిణాన నూబియా ప్రజలు కలప లేకుండానే ఇండ్లకు గుమ్మటాలు కట్టుకొంటారని తెలియజేశాడు. ఫతహీ తన విద్యార్థులను వెంటబెట్టుకొని అస్వాన్‌కు ప్రయాణమయ్యారు. కళాశాల ఆచార్యుడు చదువురాని తాపీ మేస్త్రీలకు శిష్యుడైన ఆ ఘట్టం మా దృష్టిలో ఆయన జీవితంలో కెల్ల ఉదాత్తమైనది.

ఆ మేస్త్రీల విద్య చూడడానికి సులభం. గది చివరి గోడను ఎత్తుగా లేపి, దానిపై కమాను గీతను మట్టితో దిద్దుతారు. తొలి వరుస ఇటుకలను నిలువుగా కాక ఆ గోడకు ఆనించి ఏటవాలుగా పేరుస్తారు. ప్రతి వరుసా వెనుక వరుసపై వాలి ఉంటుంది గనుక జారిపడదు. గడ్డి ఎక్కువ కలిపినందున ఇటుక తేలికగా ఉంటుంది. దాని ముఖంపై వ్రేళ్ళతో గీసిన గాళ్ళు తడిమట్టిని గట్టిగా పట్టుకొంటాయి. ఒక్క కర్రయినా అడ్డు లేకుండ గది కప్పబడుతుంది. ఈ విద్య ఎంత ప్రాచీనమో తెలుపుతూ, లుక్సర్ వద్ద రామెసీయం ఆలయపు ధాన్యాగారాల మట్టి కమానులు మూడు వేల ఏండ్లకు పైబడి నేటికీ నిలిచి ఉన్నాయి.

ఈ విద్యకు గొప్ప పరీక్ష లుక్సర్ పడమటి గట్టున గల గుర్నా గ్రామంలో ఎదురైంది. అక్కడ సుమారు 7,000 మంది ప్రాచీన సమాధుల మీదనే ఇండ్లు కట్టుకొని, వాటిలోని వస్తువులను త్రవ్వి అమ్ముకొని బ్రతికేవారు. వారిని వేరొక చోటికి తరలించదలచిన పురావస్తు శాఖ 1945లో కొత్త గ్రామ నిర్మాణాన్ని ఫతహీకి అప్పగించింది. మసీదు, బడి, అంగడి, నాటకశాల, పనివారికి శిక్షణ ఇచ్చే ఖాన్, ఇండ్లు అన్నింటినీ ఆయన పచ్చి ఇటుకతోనే రూపొందించారు. ఏ రెండు ఇండ్లూ ఒకే అచ్చుగా ఉండరాదని ఒక్కొక్క కుటుంబపు అవసరాన్నిబట్టి చిత్రాలు గీశారు. బడి గదులకు గాలి గోపురాలు అమర్చి, ఆ గాలి దారిలో తడిపిన బొగ్గు పలకలు నిలిపారు. పైనుండి దిగే వేడిగాలి ఆ తడిని ఆవిరి చేస్తూ తాను చల్లబడేది. గాలి వేడి 10 డిగ్రీల సెంటీగ్రేడు వరకు తగ్గినట్లు ఫతహీ నమోదు చేశారు. మన ఇండ్లలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లే ఆచారం వెనుక ఉన్న సూత్రమూ ఇదే.

కాని ఆ గ్రామం పూర్తి కాలేదు. అధికారుల జాప్యం, నిధుల కొరత ఒకవైపు. తమ జీవనాధారమైన సమాధులను విడిచిరావడానికి గ్రామస్థుల అనిష్టం మరొకవైపు. కొత్త గ్రామం మునిగిపోవాలని నీటిగట్టును తెగగొట్టిన సంఘటన కూడ జరిగింది. పైగా ఆ దేశపు సామాన్యునికి గుమ్మటం అనగానే స్ఫురించేది సమాధియే గాని ఇల్లు కాదు. దశాబ్దం ముగియకముందే పని నిలిచిపోయింది. ఇక్కడ మేము ఫతహీని పొగడి ఊరకుండలేము. పేదవాని కోసం కట్టిన ఇల్లు పేదవానికి నచ్చనప్పుడు, ఆ ఇంటి గుణం ఎంతటిదైనా, ఎక్కడనో ఒక ముఖ్యమైన సంభాషణ జరగలేదని అర్థం. బ్రతుకుతెరువు చూపకుండ ఇల్లు మాత్రమే చూపితే మనిషి కదలడు.

1957లో ఆయన స్వదేశం విడిచి ఏథెన్స్ నగరానికి వెళ్ళి, కొన్ని సంవత్సరాలు ప్రఖ్యాత నగర నిర్మాత డాక్సియాడిస్ సంస్థలో పనిచేశారు. తిరిగి వచ్చిన పిమ్మట ఆయన దృష్టి మరింత శాస్త్రీయమైంది. 1964లో కైరో భవన పరిశోధనా కేంద్రం ఆవరణలో వేర్వేరు వస్తువులతో నమూనా కట్టడాలను నిర్మించి, వాటిలోని వేడిని రేయింబవళ్ళు కొలిచారు. ఇరువది నాలుగు గంటలలో మట్టి గది లోపలి వేడి 21 నుండి 23 డిగ్రీల మధ్యనే నిలిచింది. ముందుగా పోతపోసిన పలుచని కాంక్రీటు పలకల గదిలో అది 36 డిగ్రీలకు ఎగబ్రాకింది. అనగా మట్టి గదికన్న 13 డిగ్రీలు, బయటి గాలికన్న 9 డిగ్రీలు అధికం. ఆ గదిలో ఉండటంకన్న ఆరుబయట నిలుచోవడమే మేలన్నమాట!

దీని కారణం మన విద్యార్థులు గ్రహించదగినది. మందమైన మట్టి గోడ పగటి వేడిని తనలో నెమ్మదిగా పీల్చుకొంటుంది. ఆ వేడి లోపలి ముఖానికి చేరేసరికి ప్రొద్దు గుంకుతుంది. రాత్రి చల్లగాలి దానిని హరిస్తుంది. గుమ్మటం ఎత్తుగా ఉన్నందున వేడిగాలి పైకి పోయి మనుష్యులకు దూరమవుతుంది. గుమ్మటపు వంపు వల్ల ఉదయ సాయంకాలాలలో దాని మీద కొంత భాగం నీడలోనే ఉంటుంది. సెహన్ అని ఉర్దూలోను పిలువబడే నడిమి వాకిలి రాత్రి చలిని గిన్నెలో నీటివలె పట్టి, ప్రొద్దెక్కేవరకు గదులకు పంచుతుంది. మష్రబీయా అనే చెక్క జాలీ వెలుగును వడగట్టి, గాలిని మాత్రం రానిస్తుంది. మల్కఫ్ అనే గాలి గోపురం వీథి దుమ్ముకు అందనంత ఎత్తున ఉత్తరపు గాలిని పట్టి గదిలోకి దింపుతుంది. సింధు ప్రాంతపు హైదరాబాదు నగరం ఒకప్పుడు ఇటువంటి గోపురాలకే పేరెన్నిక గన్నది. వీటిలో ఏదీ ఫతహీ కనిపెట్టినది కాదు. తాతల నాటి అలవాటుగా మిగిలిన వాటిని కొలిచి, కారణం తెలిపి, విద్యగా నిలబెట్టడం ఆయన ఘనత.

ఈ విద్య అంతటినీ ఆయన 1967లో ఖర్గా ఒయాసిస్‌కు దక్షిణాన బారిస్ అనే ఎడారి ఊరిలో ప్రయోగించారు. 250 కుటుంబాలకై తలపెట్టిన ఆ ఊరి అంగడిలో కూరగాయలు చెడకుండ నిలువచేయడానికి నేలమాళిగ కట్టి, వరుస మల్కఫ్‌లతో దానికి గాలి పంపారు. విద్యుత్తు లేకుండానే అక్కడి వేడి బయటికన్న సుమారు 15 డిగ్రీలు తగ్గిందని చెబుతారు. ఆ సంవత్సరం జూన్‌లో యుద్ధం వచ్చి ఆ పని కూడ నిలిచిపోయింది. ఫతహీ అదృష్టం అటువంటిది!

నిర్మాణాలు ఆగినా రచన ఆగలేదు. 1969లో గుర్నా కథను గ్రంథంగా ప్రకటించారు. 1973లో అది ఆర్కిటెక్చర్ ఫర్ ద పూర్ అనే పేరుతో చికాగోలో వెలువడి, ఆయన కీర్తిని దేశదేశాలకు మోసుకుపోయింది. 1980లో ఆగాఖాన్ వాస్తు పురస్కారాలు తొలిసారి ప్రదానమైనప్పుడు అధ్యక్షుని ప్రత్యేక పురస్కారం ఆయనకు లభించింది. అదే సంవత్సరం రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారమూ వరించింది. అమెరికాలోని న్యూ మెక్సికోలో అబిక్యూ వద్ద ఆయన గీసిన మట్టి మసీదును నిలపడానికి నూబియా మేస్త్రీలు సముద్రాలు దాటి వెళ్ళారు. 1986లో సహజ శక్తులపై, సంప్రదాయ వాస్తుపై ఆయన రచించిన గ్రంథం వెలువడింది. పాత కైరోలోని ప్రాచీన గృహంలో నిరాడంబరంగా నివసిస్తూ, 1989 నవంబరు 30న ఆయన కన్నుమూశారు.

తరువాతి కథ విచిత్రమైనది. పల్లెవారు కాదన్న గుమ్మటాన్ని పర్యాటక రంగం ప్రేమతో స్వీకరించింది. ఎర్ర సముద్ర తీరాన ఎల్ గూనాలో 1997లో వెలసిన మిరామర్ హోటలు ఇటుక గుమ్మటాలతో, కమానులతో శోభిల్లింది. సీవా ఒయాసిస్‌లో ఉప్పుమట్టి దిమ్మెలతో కట్టిన అద్రేర్ అమెల్లాల్ అనే విహారవసతి విద్యుద్దీపాలు, శీతల యంత్రాలు లేకుండానే అతిథులను ఆకర్షించింది. ఇక గుర్నాలో పలు మట్టి ఇండ్లు కాలక్రమాన తొలగి, వాటి స్థానంలో కాంక్రీటు లేచింది. ప్రమాదంలో ఉన్న కట్టడాలకై వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రకటించే పట్టికలో 2010లో ఆ గ్రామం చోటు చేసుకొంది. ధనికుడు మట్టి గదికి అద్దె చెల్లించి చల్లగా నిద్రిస్తుండగా, పేదవాడు కాంక్రీటు గదిలో ఉడికిపోవడం ఫతహీ కోరిన ఫలితం కాదు.

అయినను రిసార్టు కట్టేవారు ఆయన నుండి నేర్వవలసినది ఎంతో ఉంది. అది గుమ్మటపు ఆకారం కాదు, ఆలోచనా క్రమం. కట్టడాన్ని గాలివాటానికి తిప్పడం మొదటిది. గోడకూ కిటికీకీ నీడనివ్వడం రెండవది. గోడ మందం, వాకిలి, చెట్టు, నీరు మూడవది. ఇవన్నీ చేసిన పిదప మిగిలిన కొద్దిపాటి వేడికి మాత్రమే యంత్రం. ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తే ఎంత మేలైన యంత్రమైనా విద్యుత్తును మ్రింగక మానదు. మరొక హెచ్చరిక కూడ అవసరం. తడి బొగ్గు, నీటి పలకలు పొడి ఎడారిలో చల్లదనమిస్తాయి. గాలిలో ముందే తేమ నిండిన మన కోస్తా తీరంలో అవి ఉక్కపోతను పెంచుతాయి. అక్కడ కావలసినది వెడల్పు చూరు, ఎదురెదురు కిటికీలు, ధారాళమైన గాలి. చోటును చదవకుండ సూత్రాన్ని అనుకరించడం ఫతహీకి శిష్యరికం కానేరదు.

మన విద్యార్థులలో రేపు ఇంజనీర్లు, వాస్తుశిల్పులు, గుత్తేదారులు కానున్నవారు ఉన్నారు. మన కళాశాల సంఘంవారు మున్ముందు కొత్త గదులు తలపెట్టవచ్చును. ఆ చిత్రాలు గీసేనాడు సూర్యుడు ఎటు నుండి వచ్చును, గాలి ఎటు వీచును అనే రెండు ప్రశ్నలను ముందుగా అడిగి, ఆ గదిలో కూర్చోబోయేవారిని మూడవ ప్రశ్న అడగాలని మా విన్నపం. మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం హసన్ ఫతహీ కట్టడాలు చెబుతాయి. మూడవది ఎంత ముఖ్యమో గుర్నా గ్రామం చెబుతుంది.