ఒంగోలు క్లౌ దొరగారు

ఒంగోలు పరిసరాలలో పుట్టి పెరిగిన మన సభ్యులలో క్లౌ దొర పేరు విననివారు అరుదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1836లో జన్మించిన జాన్ ఎవరెట్ క్లౌ యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూముల సర్వే పని చేశారు. ఆ పని ఆయనకు ఎక్కడ అక్కరకు వచ్చిందో ముందు చెబుతాను. 1865లో బాప్టిస్టు మిషనరీగా మన దేశానికి వచ్చి, మరుసటి సంవత్సరం భార్య హారియెట్‌తో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది.

ఆదిలోనే ఆయనకు చిక్కు వచ్చి పడింది. దొరగారి బడికి అగ్రవర్ణాల పిల్లలు వస్తున్నారు. ఇంతలో తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగపల్లెల వారు క్రైస్తవంలోకి రాసాగారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలను మానిపిస్తామని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక భార్యాభర్తలు చెరొక గదిలో ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే కనబడిందట. గొప్పవారిని కాక, లోకం నీచంగా చూసినవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగమది. దొరగారు బడి పిల్లలను వదులుకున్నారు కాని, పల్లెవారిని వదులుకోలేదు.

చేరినవారికి ఆయన పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. చదవడానికి తేలికే, పాటించడమే కష్టం. ఆదివారం కూలికి రాకపోతే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టమంటే కరణానికీ మునసబుకూ కోపం. కూలి ఆపేవారు, బజారులో సరుకు అమ్మనిచ్చేవారు కాదు, బావి నీళ్లు ముట్టనిచ్చేవారు కాదు. ఇక మాంసం సంగతి. ఆకలిగొన్న ఇంట దొరికే తిండి అది. కడుపు నిండినవారు పెట్టిన నియమాన్ని కడుపు కాలేవారు పాటించవలసి వచ్చిందని నాకు అనిపిస్తుంది. అయినా పాటించారు.

1876-78లో ధాత కరువు వచ్చింది. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, దొరగారు మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుగా తీసుకున్నారు. పాత సర్వే అనుభవం ఇక్కడ పనికి వచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, వేలాదిమందికి పని చూపి, కూలిని సక్రమంగా ముట్టజెప్పారు. కంట్రాక్టు పనులలో కూలివాడి డబ్బు కూలివాడికే చేరడమంటే ఏమిటో, పబ్లిక్ వర్క్స్‌లో చేసిన మన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇది. కరువు కాలంలో వేలమంది బాప్తిస్మం అడిగినా, ఆయన దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వారికీ రాకూడదు, తనకూ రాకూడదని ఆయన పట్టుదల. సహాయపు డబ్బు అయిపోయిన తరువాత, ఇక ఇవ్వడానికి నా వద్ద ఏమీ లేదని కబురు పంపారు. అయినా జనం ఆగలేదు.

1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలబడి ఉదయం నుండి సాయంత్రం దాకా ఆ పని జరిపించారు. దొరగారు మాత్రం నీటిలోకి దిగలేదు, ఒడ్డునే ఉండిపోయారు. 1910లో అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. ఒంగోలులో ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు.