కొలత తెలిసిన మనిషి: యల్లాప్రగడ సుబ్బారావు

పిల్లల డాక్టరు చీటీ మీద టెట్రాసైక్లిన్ అనే పేరు ఈ రోజుల్లో దాదాపు కనిపించదు. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు బయటికొచ్చింది మన తెలుగువాడి ప్రయోగశాలలోంచే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. అంత గొప్ప మందును పిల్లలకు ఎందుకు దూరం పెట్టారన్నది ఆయన జీవితంతో కలిపి చెబితేనే బాగా అర్థమవుతుందని నాకనిపించింది.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. (ఏటీకేటీలున్న వాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోండి.) తోడబుట్టినవాడు సంగ్రహణితో పోయాడు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి చిక్కిపోయే జబ్బు అది. ఇంగ్లీషులో స్ప్రూ అంటారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఈయన ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. కొన్నాళ్ళు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి, భార్య శేషగిరిగారిని ఇక్కడే ఉంచి, 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఇది చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. ఆవిడ మీద కూడా మన గోడపత్రికలో ఎవరైనా రాస్తే బాగుంటుంది.

బోస్టన్‌లో రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరు పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించారు. ద్రావణం నీలంగా మారుతుంది, నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అంతే. వినడానికి చిన్న విషయం, కానీ ఆ కొలతే ఆయన్ని కండరాల్లో శక్తినిచ్చే ఏటీపీ దాకా తీసుకెళ్ళింది.

1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, బోదకాలు మందు హెట్రజాన్ తెచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాడిన అమినాప్టెరిన్ కూడా అక్కడిదే. 70 దాటిన రిటైర్డ్ వృక్షశాస్త్ర ప్రొఫెసరు బెంజమిన్ డగ్గర్‌ను మట్టి నమూనాలు వెతికే పనిలో పెట్టారు. మిస్సోరీ నుంచి వచ్చిన మట్టిలో ఒక పసుపు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాని బంగారు రంగును బట్టే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948లో లోకానికి చెప్పారు. ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే పోయారు. 53 ఏళ్ళు.

పెన్సిలిన్ కొన్ని రకాల బాక్టీరియా మీదే బాగా పనిచేసేది. ఆరియోమైసిన్ చాలా రకాల మీద పనిచేసింది. దాని గొప్పా అదే, చిక్కూ అదే. ఏ క్రిమో తేలకుండానే మందు ఇవ్వడం సులువైపోయింది. కోళ్ళ దాణాలో కలిపినా కోళ్ళు త్వరగా పెరుగుతాయని తేలాక అందులోనూ కలిపారు! 1950లలో ఈ కుటుంబం మందులు వాడిన పిల్లలకు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు కనిపించాయి. ఎదిగే పళ్ళలోని కాల్షియానికి మందు అంటుకుపోతుంది, తోమితే పోదు. అందుకే సాధారణంగా 8 ఏళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరు.

మచ్చ కంటికి కనబడుతుంది, మందుకు లొంగని బాక్టీరియా కనబడదు. మా ఇంట్లో మరాఠీ, తెలుగు రెండూ నడుస్తాయి. మరాఠీ పుస్తకాల్లో యాంటీబయాటిక్‌ను ప్రతిజైవిక అంటారు, మందుల షాపులో మాత్రం ఏ భాషవాళ్ళైనా స్ట్రాంగ్ గోలీ అనే అడుగుతారు. జలుబు చేసేది వైరస్, దాని మీద ఏ యాంటీబయాటిక్ పనిచేయదని అక్కడ ఎవరికి చెప్తాం? మన నాందేడ్ డాక్టర్ లేన్‌కు దెగ్లూర్, బిలోలి నుంచే కాదు, అవతల బైంసా నుంచి కూడా పిల్లల్ని ఎత్తుకొస్తారు. అంత దూరం వచ్చినవాళ్ళకి మందు లేకుండా ఇంటికెళ్ళమంటే ఎలా ఉంటుందో ఊహించండి.

ఆసుపత్రిలో చేర్చిన పిల్లకు మొదటి డోసు పడకముందే రక్తం కల్చర్‌కు తీయాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. ప్రాణం మీదకొస్తే రిపోర్టు కోసం ఆగరు, వెంటనే మొదలుపెడతారు, అది సరైనదే. కానీ రెండు రోజులయ్యాక మళ్ళీ చూసి, అక్కర్లేకపోతే ఆపాలి, లేదా ఆ క్రిమికి మాత్రమే సరిపోయే మందుకు మార్చాలి. డోసు వయసు చూసి అంచనాగా కాదు, పిల్ల ఎన్ని కిలోలుందో తూచి లెక్కకట్టాలి. సుబ్బారావుగారి నీలం ద్రావణంలాగే ఇదీ కొలత పనే.

ఆయన తోడబుట్టినవాణ్ణి తీసుకుపోయిన సంగ్రహణికి ఇప్పుడు పెద్దవాళ్ళకిచ్చే వైద్యం ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కలిపి. ఒకటి ఆయన బృందం తయారుచేసింది, రెండోది వాళ్ళకు దొరికిన ఆరియోమైసిన్‌కు చెల్లెలు. నెలల తరబడి వాడతారు, జబ్బు అదేనని తేలాక.