ఒకరి పాట మరొకరు పాడితే.. ఘంటసాల చూపిన దారి

శ్రీరామనవమి పందిళ్లలోనూ, తిరునాళ్లలోనూ ఎవరో ఒకరు మైకు అందుకుని ఘంటసాల పాట ఎత్తుకోవడం మన పల్లెల్లో మామూలే. కొందరు పాడుతుంటే పొలం నుంచి ఇంటికి పోతున్నవారు కూడా సైకిలు దిగి నిలబడి వింటారు. మరికొందరు పాడితే చాప మీద కూర్చున్నవారు సైతం లేచిపోతారు. పాట అదే, వరస అదే. మరి తేడా ఎక్కడ వస్తున్నట్లు?

దీనికి జవాబు ఘంటసాల జీవితంలోనే దొరుకుతుంది. తనకంటే ముందు ఎందరో పాడిన పద్యాలను, ఇతరులు రాసిన ఖండికలను, ఇతరులు కట్టిన వరసలను పాడి ఆయన ప్రజల మెప్పు పొందారు. వాటిని ఎలా పాడాలో ఆయనకు తెలుసు. ఆయనను అనుకరించేవారిలో చాలామందికి తెలియనిది అదే.

తండ్రి భుజం మీద తొలి పాఠం

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో జన్మించారు. తల్లి రత్తమ్మ. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయించేవారు, భజనలు చేసేవారు. నారాయణ తీర్థుల తరంగాలంటే ఆయనకు ప్రాణం. కొడుకును భుజం మీద ఎక్కించుకుని ఊరూరా భజనలకు తీసుకుపోయేవారు. తండ్రి తరంగం పాడుతుంటే ఆ పసివాడు ఆడేవాడు. జనం ముచ్చటపడి బాల భరతుడని పిలిచేవారు.

అంటే ఘంటసాల నేర్చిన మొదటి పాటే మరొకరి పాట. తరంగాలు వందల ఏళ్ల నాటివి, సంస్కృతంలో ఉన్నవి. వాటిని కృష్ణాతీరంలో చదువురాని రైతుకు కూడా నచ్చేటట్లు పాడటం ఆయన తన తండ్రి వద్దనే చూశారు.

ఆ అదృష్టం ఎంతోకాలం నిలవలేదు. ఘంటసాల చిన్నతనంలోనే తండ్రి కాలం చేశారు. కుటుంబ భారం మేనమామ మీద పడింది. సంగీతం బాగా నేర్చుకోవాలన్న కోరిక మాత్రం ఆ కుర్రవాడిని వదలలేదు. చేతి ఉంగరం అమ్ముకుని, ఆ కొద్దిపాటి డబ్బుతో విజయనగరం బయలుదేరారు.

జోలె పట్టి విద్య

విజయనగరంలో ఆయన పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. కొన్నాళ్లు వారాలు చేసుకున్నారు. అవీ దొరకని రోజుల్లో జోలె కట్టుకుని ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తారు. ఆ స్థితిలో ఆయనను చేరదీసినవారు మహారాజా సంగీత కళాశాలలో గాత్రం బోధించే పట్రాయని సీతారామశాస్త్రి. శాస్త్రిగారు కూడా కలవారేమీ కాదు. అయినా పైసా పుచ్చుకోకుండా విద్య చెప్పారు. ఆ ఋణాన్ని ఘంటసాల జీవితాంతం మరువలేదు. గురువుగారి కుమారుడు సంగీతరావు తరువాతి కాలంలో మద్రాసులో ఘంటసాలకు సహాయకులుగా చాలా ఏళ్లు పనిచేశారు.

చదువు ముగించి స్వగ్రామానికి తిరిగి వచ్చిన తరువాత పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో కచేరీలు చేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ కాలం గడిపారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 1944లో సావిత్రితో వివాహం జరిగింది. ఆ రోజుల్లోనే సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ఆయన పాట విని మద్రాసు రమ్మని చెప్పారు.

మద్రాసులోనూ వెంటనే వేషం గాని, పాట గాని దొరకలేదు. రేడియోలో పాడుతూ, బృందగానాల్లో గొంతు కలుపుతూ రోజులు నెట్టుకువచ్చారు. 1945లో విడుదలైన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడే అవకాశం రావడంతో దారి పడింది. 1948లో బాలరాజు, 1949లో కీలుగుర్రం, మనదేశం, 1951లో పాతాళభైరవి చిత్రాలతో ఆయన పేరు ఇంటింటికీ చేరింది.

నాటకాల పద్యానికి కొత్త నడక

ఘంటసాల చేసిన పెద్ద మార్పు పద్యం విషయంలో. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆయన పుట్టకముందు నుంచే కోస్తా జిల్లాల్లో మారుమోగుతున్నాయి. రాయబారం నాటకం అంటే బండ్లు కట్టుకుని వెళ్లేవారు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా వేషం కట్టేవారు. హార్మోనియం మీద శ్రుతి అందుకుని పద్యం చివర రాగం తీస్తే, జనం వన్స్ మోర్ అని కేకలు వేసేవారు. నటుడు మళ్లీ ఆ పద్యమే పాడేవాడు.

ఆ పద్ధతికీ ఒక కారణం ఉంది. మైకులు లేని కాలంలో ఆరుబయట వేలమంది ముందు పాడాలి. చివరి వరుసలో కూర్చున్నవాడికి వినపడాలి. అందుకని గొంతు పెంచాలి, రాగం సాగదీయాలి. నాటి నటులు ఆ పనిలో దిట్టలు. వారిని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే పోను పోను రాగం పెరిగి మాట వెనకబడింది. పద్యం ఏమి చెబుతున్నదో వినేవారికి పట్టకుండా పోయింది.

ఘంటసాల పాడింది మైకు ముందు. ఆ రోజుల్లో గ్రామఫోను పళ్లెం ఒక పక్కన మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. సినిమాలోనూ పద్యానికి ఇచ్చే వ్యవధి కొద్దిపాటిదే. అందుచేత రాగాన్ని తగ్గించి, ఆ ఖాళీలో అర్థాన్ని నింపారు. మాటను ఎక్కడ విరిస్తే భావం తెలుస్తుందో అక్కడే విరిచారు. కోపం వచ్చే చోట గొంతు పెంచారు, నచ్చజెప్పే చోట తగ్గించారు. చివరలో రాగం తీసినా, అది ఆ పాత్ర మనసులో ఉన్నదాన్నే చెప్పేది.

1967లో వచ్చిన శ్రీకృష్ణావతారంలో రాయబారం పద్యాలను ఆయన పాడారు. అంతకు ముందు 1965లో సత్యహరిశ్చంద్రలో హరిశ్చంద్రుడి పద్యాలూ పాడారు. అవి జనానికి నోటికి వచ్చిన పద్యాలే. అయినా కొత్తగా విన్నట్లు విన్నారు. పాత పద్యం మళ్లీ పాడటమంటే ఇదీ అనిపించారు.

పువ్వు ఏడ్చింది, గాయకుడు ఏడ్వలేదు

గుంటూరు ఏసీ కళాశాలలో ఉపన్యాసకులుగా పనిచేసిన జంధ్యాల పాపయ్యశాస్త్రి కరుణశ్రీ పేరుతో ప్రసిద్ధులు. పూజకు పూలు కోయబోయిన మనిషితో పువ్వులు మొర పెట్టుకునే పుష్పవిలాపం ఆయన రచన. ఘంటసాల దీనిని పాడి రికార్డు ఇచ్చారు. పుస్తకంలో ఉన్న ఖండిక ఆ రికార్డుతో పుస్తకం ముట్టని వారికి కూడా కంఠతా వచ్చింది.

అందులో ఆయన ఏమి చేశారో గమనించదగ్గది. పద్యానికీ పద్యానికీ మధ్య మామూలు మాటల్లో కథ చెప్పారు. గొంతు ఎక్కడా అతిగా పెంచలేదు. బాధ పువ్వుది, పాడేవాడు దానిని మనకు చేరవేసే మనిషి మాత్రమే. మన సభల్లో దీనినే పాడేవారు కొందరు ప్రతి మాటకూ వెక్కివెక్కి ఏడ్చినట్లు పాడతారు. అప్పుడు వినేవారికి పువ్వు కనపడదు, పాడేవాడి ఏడుపే వినపడుతుంది.

1953 నాటి దేవదాసు పాటలకు పట్టిన గతీ ఇదే. సి.ఆర్. సుబ్బరామన్ సంగీతంలో ఘంటసాల పాడిన ఆ పాటల్లో మనసు విరిగినవాడి వేదన ఉంది. తాగుడు పైపైకి కనిపించేదే. అనుకరించేవారు మాత్రం దగ్గు, తూలుడు పట్టుకుని నవ్వులాటగా మార్చారు. తిరునాళ్లలో చప్పట్లు బాగానే పడతాయి, పాట మాత్రం పోతుంది.

మరొకరి వరసకు మర్యాద

1957లో వచ్చిన మాయాబజారు సంగీతం ఘంటసాలదని అందరూ అంటారు. నిజమే గాని, ఆ చిత్రానికి మొదట కుదిరినవారు సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకు వరసలు కట్టిన తరువాత ఆయన తప్పుకున్నారు. మిగిలిన పని ఘంటసాల మీద పడింది. వేరొకరైతే ఆ నాలుగింటినీ పక్కన పెట్టి తమ వరసలే పెట్టుకునేవారేమో. ఘంటసాల అలా చేయలేదు. రాజేశ్వరరావు కట్టిన వరసలను ఉంచి, వాటికి వాద్యాలు కూర్చి, రికార్డు చేయించారు. వెన్నెల్లో పడవ మీద సాగే పాట ఆ నాలుగింటిలో ఒకటి. మరొకరి పనికి అడ్డు రాకుండా దానికి నిండుదనం తేవడం కూడా ఒక విద్యే.

అదే ఏడాది వచ్చిన సువర్ణసుందరిలో ఆదినారాయణరావు సంగీతంలో ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలిక మరో ఉదాహరణ. ఆ చిత్రాన్ని హిందీలో తీసినప్పుడు ఆదినారాయణరావే అదే పాటను లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీల చేత పాడించారు. భాష మారింది, గొంతులు మారాయి. వారు జిక్కినీ ఘంటసాలనూ అనుకరించలేదు, తమ ధోరణిలోనే పాడారు. తెలుగు పాట ఇక్కడ, హిందీ పాట ఉత్తరాదిన నిలిచిపోయాయి.

తరువాతి తరంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిచిన దారి కూడా ఇలాంటిదే. ఘంటసాల మంచి పేరు మీద ఉండగానే, 1966లో ఆయన సినిమాల్లోకి వచ్చారు. 1969లో విడుదలైన ఏకవీరలో ఘంటసాలతో కలిసి పాడారు. పెద్దాయన గొంతును అరువు తెచ్చుకోకుండా, మాట స్పష్టంగా పలకడం, భావం ఎరిగి పాడటం అనే పద్ధతిని అందిపుచ్చుకున్నారు. 2020లో కన్నుమూసే వరకు సభల్లో ఘంటసాల పాటలు పాడినా అవి బాలు పాటల్లాగే వినిపించాయి.

చివరి కానుక

1970లో భారత ప్రభుత్వం ఘంటసాలకు పద్మశ్రీ ఇచ్చింది. 1971లో ఐరోపా, అమెరికాల్లో తెలుగువారి కోసం కచేరీలు చేశారు. అప్పటికే మధుమేహం ఆయనను పీడిస్తున్నది. ఆరోగ్యం క్షీణిస్తున్న రోజుల్లోనే భగవద్గీత పాడారు. 700 శ్లోకాల్లో నూరు పైచిలుకు ఎంచుకుని, శ్లోకం తరువాత తెలుగులో తాత్పర్యం చెప్పారు. ఆ రికార్డు బయటకు వచ్చేనాటికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లు.

గీతను ఆయనకు ముందు ఎందరో చదివారు, పాడారు. పండితుల నోట ఉన్న దానిని సంస్కృతం రాని ఇల్లాలికీ, పాలేరుకూ అందేటట్లు పాడింది ఆయన. చిన్ననాడు తండ్రి భుజం మీద నేర్చిన పాఠం చివరి వరకూ వెంట ఉంది. మాట తెలియాలి, ఆ తరువాతే రాగం.

ఆయన పేరు మీద విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల నడుస్తున్నది. 2022లో శతజయంతి జరిగింది. అయితే ఊళ్లలో ఒక చిత్రమైన అలవాటు స్థిరపడింది. ఆ గీత వినిపిస్తే ఎవరింట్లోనో చావు జరిగిందని అనుకుంటాం. మామూలు రోజున పెడితే పెద్దలు వద్దని ఆపేస్తారు. బతికి ఉన్నవారు ఎలా నడుచుకోవాలో చెప్పే మాటలను పోయినవారి ముందు మాత్రమే వినిపిస్తున్నాం. పాటను చెడగొట్టడానికి చెడ్డగా పాడనక్కరలేదు, వినవలసిన వేళ వినకపోయినా చాలు.

ఈసారి పందిట్లో పిల్లవాడెవడైనా ఘంటసాల పద్యం ఎత్తుకుంటే, గొంతు అచ్చం ఆయనలా ఉందా లేదా అని చూడటం ఆపుదాం. పద్యం అర్థమేమిటని అడుగుదాం. అది చెప్పగలిగితే ఆ పిల్లవాడు మంచి దారిలోనే ఉన్నట్లు.