మైఖేల్ ఫారడే: ఎలక్ట్రాన్ పేరే వినలేదు.. కానీ దాని లెక్కకు దారి చూపారు! బుక్ బైండింగ్ కుర్రాడి కథ ఇది

ఇంటర్ కెమిస్ట్రీ చదివిన ప్రతి విద్యార్థికీ 96,485 అనే అంకె పరిచయమే. ఎన్ని కులూంబ్‌ల విద్యుదావేశం పారిందో తెలిస్తే చాలు.. ఆ అంకెతో భాగిస్తే ఎన్ని మోల్స్ ఎలక్ట్రాన్లు కదిలాయో వచ్చేస్తుంది. దీన్నే ఫారడే స్థిరాంకం అంటారు. విచిత్రం ఏంటంటే.. ఎవరి పేరు పెట్టారో ఆ మైఖేల్ ఫారడేకి ఎలక్ట్రాన్ అంటే ఏంటో తెలీదు. ఆ మాట పుట్టేసరికి ఆయన చనిపోయి 24 ఏళ్లయింది. కాలేజీ మెట్లెక్కలేదు, లెక్కలు కూడా అంతంతమాత్రమే. మరి ఈ లెక్కకు పునాది ఎలా వేశారు?

కమ్మరి ఇంట్లో పుట్టి..

1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గరి న్యూవింగ్టన్‌లో ఫారడే పుట్టారు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. చదవడం, రాయడం, కాస్త లెక్కలు.. బడి చదువు అంతటితో ఆగిపోయింది. 14 ఏళ్ల వయసులో జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర బైండింగ్ పనిలో చేరారు. ఏడేళ్లు అక్కడే.

బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే ఆయనకు బడి అయ్యాయి. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్ గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన కెమిస్ట్రీ పుస్తకం ఆయన్ను సైన్స్ వైపు తిప్పేశాయి. 1812లో ఓ కస్టమర్ ఇచ్చిన టికెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. విన్నదంతా నోట్స్ రాసుకుని, బొమ్మలు గీసి, తనే బైండింగ్ చేసి డేవీకి పంపారు. 1813 మార్చిలో అక్కడే ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం దొరికింది.

అయితే ఆ దారి అంత సాఫీగా సాగలేదు. డేవీ దంపతులతో యూరప్ టూర్‌కి వెళ్తే నౌకరు పనులు కూడా చేయాల్సి వచ్చింది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఫారడే పేరు వచ్చినప్పుడు.. అధ్యక్షుడిగా ఉన్న డేవీయే వ్యతిరేకించారు. అయినా ఫారడే ఎన్నికయ్యారు.

కరెంట్‌ని తూకం వేసిన ప్రయోగం

1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టిన ఫారడే, ఆ తర్వాత విద్యుద్విశ్లేషణపై పడ్డారు. అప్పటికి కులూంబ్ అనే యూనిటే లేదు. అందుకే ఓ ఉపాయం చేశారు. ఒకే కరెంట్ వరుసగా రెండు పాత్రల గుండా పోయేలా కలిపారు. ఒకదాంట్లో నీరు విడిపోయి గ్యాస్ వస్తుంది. ఆ గ్యాస్ ఎంతో కొలిస్తే ఎంత కరెంట్ పారిందో తెలిసిపోతుంది. రెండో దాంట్లో కరిగించిన తగరం క్లోరైడ్ లాంటి పదార్థం. అందులో పేరుకున్న లోహాన్ని తూకం వేశారు.

ఫలితం స్పష్టంగా వచ్చింది. కరెంట్ రెట్టింపు పారితే లోహమూ రెట్టింపు. ఇది మొదటి నియమం. ఇక ఒకే మొత్తం కరెంట్ పారితే హైడ్రోజన్ 1 వంతు, ఆక్సిజన్ 8, తగరం 58, సీసం 104 వంతుల బరువు చొప్పున విడుదలయ్యాయి. అంటే అవి వాటి తుల్యభారాలే. ఇది రెండో నియమం.

ఆ అంకెల్లోనే అసలు రహస్యం దాగుంది. సీసం పరమాణు భారం దాదాపు 207. ఫారడేకి వచ్చింది అందులో సగం. ఎందుకంటే ఒక్కో సీసం అయాన్ లోహంగా మారాలంటే రెండు ఎలక్ట్రాన్లు కావాలి. ఇది మనకు ఇప్పుడు తెలుసు. ఫారడే మాత్రం పరమాణువుల గురించి మాట్లాడటానికే జంకేవారు. కొలిచిందే చెప్పారు, కొలవనిది ఊహించి కలపలేదు.

విలియం హ్యూవెల్ అనే పండితుడి సాయంతో ఈ కొత్త విషయాలకు పేర్లు కూడా పెట్టారు. ఆనోడ్, కాథోడ్, అయాన్.. ఇవన్నీ 1834 నాటి మాటలే.

ఇప్పుడు ఆ లెక్క ఎలా చేస్తారు?

2 ఆంపియర్ల కరెంట్ 30 నిమిషాలు పారిందనుకుందాం. 30 నిమిషాలంటే 1,800 సెకన్లు. 2తో గుణిస్తే 3,600 కులూంబ్‌లు. దాన్ని 96,485తో భాగిస్తే సుమారు 0.0373 మోల్ ఎలక్ట్రాన్లు. వెండి అయాన్‌కి ఒక్క ఎలక్ట్రాన్ చాలు కాబట్టి దాదాపు 4.02 గ్రాముల వెండి పేరుకుంటుంది. రాగికి రెండు కావాలి కాబట్టి 0.0187 మోల్, అంటే దాదాపు 1.19 గ్రాములే వస్తుంది.

చేతిలోని ఫోన్‌కీ ఇదే లెక్క. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే 18,000 కులూంబ్‌లు, సుమారు 0.187 మోల్ ఎలక్ట్రాన్లు. ఫుల్ ఛార్జ్ అయ్యేలోపు దాదాపు 1.3 గ్రాముల లిథియం ఒక ఎలక్ట్రోడ్ నుంచి మరో ఎలక్ట్రోడ్‌కి చేరుతుందన్నమాట.

చనిపోయాక తేలిన నిజం

1840 ప్రాంతంలో ఫారడే ఆరోగ్యం దెబ్బతింది. మతిమరుపు వేధించింది. కొన్నేళ్లు పరిశోధన దాదాపు ఆగిపోయింది. కోలుకున్నాక మళ్లీ ల్యాబ్‌కి వచ్చినా, జ్ఞాపకశక్తి ఇబ్బంది చివరిదాకా వదల్లేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వచ్చినా వద్దన్నారు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులోని ఇంట్లో కన్నుమూశారు.

1881లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ లండన్‌లో ఫారడే పేరిట ఉపన్యాసమిస్తూ అసలు విషయం చెప్పారు. పదార్థానికి పరమాణువులు ఉంటే, ఫారడే నియమాల ప్రకారం విద్యుత్తుకూ అలాంటి చిన్న చిన్న ముక్కలు ఉండాల్సిందేనన్నారు. 1891లో జార్జ్ స్టోనీ ఆ ముక్కకు ఎలక్ట్రాన్ అని పేరు పెట్టారు. 1897లో జేజే థామ్సన్ ప్రయోగాలతో అది నిజంగానే ఉందని తేలింది.

మరణించాక వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి చేసే అవకాశాన్నీ ఫారడే ముందే వద్దనుకున్నారు. లండన్‌లోని హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. రాయి మీద బిరుదుల్లేవు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అంతే.